దాచుకున్న డాలరు

మహనీయులను స్మరించుకునే తీరు గురించి మాట వస్తే నాకు రెండు పక్షాలతోనూ పేచీయే. ఈసారి పేచీ ఒక యూదు మతగురువు విషయంలో.

మెనాహెం మెండెల్ ష్నీర్సన్ 1951 నుండి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కేంద్రంగా ఛాబాద్ లుబావిచ్ అనే హసీదీ శాఖకు నాయకత్వం వహించారు. శిష్యులకు ఆయన ‘రెబ్బే’. 1994 జూన్ 12న కన్నుమూశారు. యూదు పంచాంగం ప్రకారం అది తమ్మూజ్ మాసంలో మూడవ రోజు. ఏటా ఆనాడు వేలాదిమంది క్వీన్స్‌లోని ఆయన సమాధి వద్దకు వెళ్ళి, కీర్తనలు చదివి, తమ వేడుకోలును చీటీ మీద వ్రాసి, చదివి, చింపి, అక్కడే వదలి వస్తారు.

ఇది వట్టి మూఢత్వమని మన హేతువాద మిత్రులు తేల్చేస్తారు. అయ్యా, ఆ చీటీలో ఏముంటుందో ఆలోచించారా? జబ్బుపడిన మనిషి పేరు, ఆ మనిషి తల్లి పేరు. ఇంకొకరి కష్టాన్ని పేరుపెట్టి తలచుకోవడం మూఢత్వమైతే, అది నాకూ కొంత కావాలి.

మరోవైపు, ఆయన మరణించనే లేదనీ, రానున్న మెస్సీయ ఆయనేననీ పట్టుబట్టే అనుచరులు కొందరున్నారు. వీరితో నా పేచీ ఇంకా పెద్దది.

ఎనభై దాటిన వయసులో, 1986 నుండి, ఆయన ఆదివారాల్లో గంటల తరబడి నిలబడి వచ్చినవారికల్లా ఒక్కొక్క డాలరు నోటు ఇచ్చేవారు. దాచుకోవడానికి కాదు, దానం చేయడానికి. ఇద్దరు కలుసుకుంటే మూడవవారికి మేలు జరగాలన్నది తన మామగారి నుండి ఆయన అందుకున్న మాట. చాలామంది ఆ నోటును భద్రపరచుకుని, బదులుగా వేరే డాలరు దానమిచ్చారు. తప్పనను. కానీ ఆ బదులు డాలరును మరచి, దాచిన నోటుకు మాత్రమే మొక్కేవాడు గురువు చాచిన చేతిని దారిమధ్యలో ఆపినట్లే.

హీబ్రూలో దానాన్ని ‘త్సెదకా’ అంటారు. దానికీ, న్యాయమనే అర్థమిచ్చే మాటకూ ధాతువు ఒకటే. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్న పిలుపు వింటూ పెరిగిన మనకు దీన్ని వేరే వివరించాలా?

2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్‌లో ఉగ్రవాదులు పొట్టనబెట్టుకున్నది ఈ శాఖ పంపగా వచ్చిన యువదంపతులనూ, వారి అతిథులనూ. ఆ ఇంటి తలుపులు 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ గురువుకు నిజమైన స్మారకం నా దృష్టిలో అదే.

ప్రార్థన వద్దని అనడం లేదు. ప్రార్థించి లేచినవాడి చేయి ఆ తరువాత జేబులోకి వెళ్ళిందా, లేదా? నేను అడుగుతున్నది అంతే.