ఒక ముల్లు – రెండు బెజ్జాలు

మా ఇంట్లో నెల రోజులుగా ఒక వ్యాజ్యం నడుస్తోంది. వాది మా అమ్మాయి, ప్రతివాది వాళ్ళమ్మ. న్యాయమూర్తిని నేనేనని ఇద్దరూ ఒప్పుకుంటారు గాని, తీర్పు మాత్రం ఎవరిది వారు ముందే రాసిపెట్టుకున్నారు. సంగతేమిటంటే, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మా అమ్మాయి డిగ్రీ చదువుకు ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి రోజూ సైకిలు మీద వెళతానంటుంది. ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. ఆటోలో వెళ్ళమంటుంది వాళ్ళమ్మ. పదిమంది ఎక్కిన ఆటోలో ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం కంటె సైకిలే గౌరవమంటుంది పిల్ల.

"దారిలో పంచరైతే ఏం చేస్తావే?"

"ఫోన్ చేస్తాను."

"ఫోను గాలి కొడుతుందా?"

ఇదీ వరస. మా ఆవిడ అడిగింది పంచరు గురించి ఒక్కటే కాదని నాకు తెలుసు. దారిలో ఆగిపోయిన ఆడపిల్ల చుట్టూ ఎవరు చేరతారన్నది ఆవిడ అసలు భయం. ఆ భయం నాకూ ఉంది. కాకపోతే మగవాణ్ణి, పైగా లెక్చరర్ని కనక, స్త్రీ స్వేచ్ఛ మీద క్లాసులో చెప్పిన మాటలు అడ్డం వచ్చి పైకి అనలేకపోయాను. "ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళి చూసివద్దాం" అని వాయిదా వేశాను. వాయిదా వేయడం న్యాయమూర్తులకు అలవాటే కదా!

మొన్న ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాం. అటకెక్కినంత పని చేసిన నా పాత సైకిలును రెండు రోజుల ముందే దింపి నూనె పోయించాను. ఏటిగట్టు మీద గాలి చల్లగా ఉంది. గోదావరికి ఇంకా ఎర్రనీరు రాలేదు. కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట గురించి అమ్మాయికి నాలుగు మాటలు చెబుదామని గొంతు సవరించుకుంటున్నాను. అంతలో దాని సైకిలు వెనక చక్రం తాగినవాడిలా అటూ ఇటూ తూలింది.

పాఠకులతో అబద్ధమెందుకు? టైరు నేలకు అంటుకుపోయి కనిపించగానే నా మనసులో ఒక మూల చిన్న సంతోషం కలిగింది. వ్యాజ్యం దానంతట అదే తేలిపోయిందనుకున్నాను.

పిల్ల అప్పటికే దిగిపోయింది. "నెమ్మదిగా తొక్కుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోదాం, షాపు ఏదో తీసి ఉంటుంది" అన్నాను. "గాలి లేకుండా ఎక్కితే రిమ్ము ట్యూబును కోసేస్తుంది నాన్నా. వాల్వు మొదట్లో చినిగిందంటే ఇక అతుకు పడదు" అంది. పాతిక, ముప్ఫయ్యేళ్ళ కిందట నేను సైకిలు మీదే కాలేజీకి వెళ్ళిన మాట నిజమే గాని, పంచరైతే షాపువాడికి అప్పగించి పక్కన పేపరు చదువుకున్నవాణ్ణే తప్ప, వాడి చేతులేం చేస్తున్నాయో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

సరే, నేను వెనక్కి వెళ్ళి ఇంట్లో పంపు తెస్తానన్నాను.

"రోజూ నువ్వు నా వెనక ఉంటావా నాన్నా? ఇప్పుడు కూడా నువ్వు లేవనుకో" అంది.

లేననుకుని ఒక రాయి మీద కూర్చున్నాను.

సైకిలును తలకిందులు చేసింది. చక్రం మెల్లగా తిప్పుతూ టైరంతా చూసి, తుమ్మముల్లు పట్టుకుంది. నేను పల్లేరుకాయ అనుకున్నాను. మా చిన్నతనంలో సైకిళ్ళకు దాన్ని మించిన శత్రువు లేదు. సంస్కృతంలో దాన్ని గోక్షురమన్నారు, అంటే ఆవు గిట్ట. ఇంగ్లీషువాళ్ళు ఆవును వదిలేసి సైకిలును పట్టుకున్నారు, 'పంక్చర్ వైన్' అని పేరు పెట్టారు. పంచర్ల తీగ అన్నమాట! ఈ పాండిత్యం అమ్మాయికి అందించాను. "ముల్లున్న చోట పెన్నుతో గుర్తు పెట్టు" అని నాకు పని అప్పగించింది.

పెట్టాను. చక్రం విప్పే పనే లేదట. రెండు లివర్లతో టైరు ఒక అంచు పైకి లేపి, గుర్తు ఉన్నచోట ట్యూబు బయటికి లాగింది. సూది మొనంత బెజ్జం. దాని చుట్టూ గరుకు కాగితంతో రుద్దింది. సొల్యూషన్ పూసింది. పూసి ఊరుకుంది.

"అతికించవేమే?"

"ఆరాలి నాన్నా. తడి మీద అతికిస్తే ఊడొస్తుంది. వేలికి అంటుకోకుండా ఉన్నప్పుడే పట్టు."

ఇరవయ్యేళ్ళుగా సంధులు చెబుతున్నాను. అతుక్కోవలసిన రెండూ తగలగానే అతుక్కుపోతాయనే చెప్పాను. ఆరడం మాట ఏ వ్యాకరణంలోనూ లేదు.

ఆ ఆరే వ్యవధిలో దానికి డన్లప్ కథ చెప్పాను. ఆయన పశువుల డాక్టరు. బెల్‌ఫాస్టులో కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతోందని గాలి టైరు తయారుచేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. నలభై యేళ్ళకు పూర్వమే, 1845లో, థామ్సన్ అనే ఆయన అటువంటిదానికే పేటెంటు తీసుకున్నాడని తరవాత బయటపడి, డన్లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. కొడుకు కోసం అంత చేసిన తండ్రి కథ మా అమ్మాయి శ్రద్ధగానే వింది గాని, నావైపు చూసిన చూపులో ఏదో ఉంది. నేను గోదావరి వైపు తిరిగాను.

ప్యాచీ అతికించి బొటనవేళ్ళతో గట్టిగా నొక్కింది. టైరు లోపల వేళ్ళతో తడిమి, విరిగి మిగిలిన ముల్లు మొన లాగి పారేసింది. అంతా ఎక్కించాక తెలిసింది, సంచిలో అన్నీ ఉన్నాయి, పంపు లేదని!

నేను లేవబోయాను. "నువ్వు లేవు కదా" అంది. గట్టు దిగి, కింద ఉన్న పెంకుటింటి వాకిట్లో ముగ్గు వేస్తున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. అయిదు నిమిషాలు పట్టింది. నాకు గంటలా ఉంది. తిరిగొచ్చేటప్పుడు పిల్ల చేతిలో పంపు, వెనకాల ఆ మామ్మగారు.

గాలి కొట్టాం. చక్రం నిండుగా నిలబడింది. అమ్మాయి ముఖం కూడా. వంద గజాలు వెళ్ళామో లేదో, మళ్ళీ తూలింది. ఈసారి నాకు సంతోషం కలగలేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చేసిందంతా సరిగ్గానే చేశాను నాన్నా" అంది.

తోసుకుంటూ వెనక్కి వచ్చాం. గట్టు మీదే నిలబడి చూస్తున్న మామ్మగారు, "ఎవరి తాలూకమ్మా మీరు?" అని నన్ను అడిగి, జవాబు వినకుండానే, "లోపలి వైపు చూశావా?" అంది పిల్లను. వాళ్ళాయన ఒకప్పుడు అద్దె సైకిళ్ళ షాపు నడిపేవాడట. ఆయన భోజనానికి వస్తే షాపులో ఈవిడే కూర్చునేదట. "ముల్లు ఒకటే గానీ, గాలి పోయి ట్యూబు అణిగాక అవతలి గోడకీ దిగుతుంది. రెండు బెజ్జాలు పడతాయి. మగాళ్ళు కూడా ఒకటి అతికేసి పంపేవారు, మళ్ళీ వచ్చేవి" అంది.

బకెట్టు నీళ్ళు తెచ్చింది. కాస్త గాలి నింపిన ట్యూబును నీళ్ళలో ముంచితే, మొదటి ప్యాచీకి సరిగ్గా అవతల, ఒక్కొక్కటే సన్నగా బుడగలు. నేను చెప్పినట్టు ఊళ్ళోకి తొక్కించి ఉంటే ఎన్ని బెజ్జాలు పడేవో!

రెండోది అతికించాక, మా ఇద్దరికీ టీ వచ్చింది. డబ్బు ఇవ్వబోతే మామ్మగారు నావైపు చూడనైనా లేదు. "ఈ దారినే వెళతావా రోజూ?" అంది పిల్లతో. "మా అమ్మ ఒప్పుకుంటే వెళతానండి" అంది ఇది. "ఒప్పుకోదులే ముందు" అందావిడ నవ్వుతూ, "నాకూ కూతుళ్ళున్నారు."

ఇంటికి పోదామా అన్నాను. కాలేజీ గేటు దాకా వెళ్ళి ముట్టుకుని వద్దామంది. వెళ్ళాం, వచ్చాం. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

గుమ్మంలో మా ఆవిడ ముందు పిల్ల చేతుల వంక చూసింది. తరవాత నా చేతుల వంక. నావి తెల్లగా ఉన్నాయి.

"పంచరైందా?"

"రెండమ్మా" అంది పిల్ల.

ఆవిడ ఏమీ అనలేదు. కిరసనాయిలు దొరికే రోజులు కావు కదా, గిన్నెలు తోమే సబ్బు తెచ్చి దాని చేతుల మీద పోసింది. పంపు ఎవరిని అడిగావు, ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం మాట్లాడారు, అన్నీ ఆరా తీసింది. పిల్ల ఓపిగ్గా చెప్పింది. టీ తాగిన సంగతి కూడా.

కాలేజీ తెరవడానికి ఇంకా పదకొండు రోజులుంది. వ్యాజ్యం తేలలేదు. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ, సంచిలో పట్టే చిన్న పంపు ఎంతుంటుందని నన్ను అడిగింది మా ఆవిడ. నాకు తెలియదన్నాను. అమ్మాయిని కేకేసింది.