రష్యన్ వాక్యానికి ఇంగ్లీషు దుబాసీ ఎందుకు?

రష్యన్ నేర్వదలచిన తెలుగువాడు ముందుగా ఇంగ్లీషు గడప తొక్కి తీరాలన్న నమ్మకం మన విద్యావంతులలో బలంగా పాతుకొని ఉన్నది. మన చేతికందే ప్రారంభ వాచకాలు చాలావరకు ఇంగ్లీషు వారి అవసరాన్నిబట్టి వ్రాసినవే. ఈ నమ్మకం వట్టి అలవాటేగాని, ఇందులో శాస్త్రమేమీ లేదని నా వాదన.

ఇది పండితుల తీరిక చర్చ కాదు. తెలుగునాట నుండి ఎందరో పిల్లలు వైద్యవిద్యకై రష్యా వెళుతున్నారు. తరగతిలో పాఠం ఇంగ్లీషులో జరిగితే జరుగుగాక, ఆసుపత్రిలో రోగి మూలిగేది రష్యన్‌లోనే. మా కోస్గి వంటి చోట తెలుగులో పుట్టి పెరిగిన కుర్రవాడు సగం వచ్చిన ఇంగ్లీషు ద్వారా బొత్తిగా రాని రష్యన్ నేర్వవలసిందేనా?

ఇంగ్లీషు వాచకం తొలి పాఠమే ఒక హెచ్చరిక: రష్యన్ వర్తమాన వాక్యంలో ‘ఈజ్’ ఉండదు, ‘ఎ’, ‘ది’ అసలే లేవు. ఇంగ్లీషువాడికది వింత. మనకేమి వింత? ‘ఓన్ వ్రాచ్’ అంటే ‘ఆయన వైద్యుడు’. అక్కడా రెండే మాటలు, ఇక్కడా రెండే. లేనిదానిని ఇంగ్లీషులో తెచ్చిపెట్టుకొని, మళ్లీ రష్యన్‌లో తీసివేసే వెట్టిచాకిరి మనకెందుకు?

‘మ్నే ద్వాత్సత్ ల్యెత్’ అంటే ‘నాకు ఇరవై ఏళ్లు’. ‘నేను ఇరవై ఏళ్ల ముసలినైతిని’ అన్న ఫక్కీ ఇంగ్లీషుది. ‘ఉ మిన్యా బలీత్ గలవా’ అంటే ‘నాకు తల నొస్తున్నది’. నొచ్చేది తల, అనుభవించేవాణ్ణి నేను. ఇంగ్లీషువాడు తలనొప్పిని సొత్తులాగా ‘కలిగి’ ఉంటాడు.

ఇక విభక్తులు. రష్యన్‌లో ఆరున్నాయనగానే ఇంగ్లీషు వాచకం బెదరగొడుతుంది. డు, ము, వు, లు వల్లించిన పిల్లవాడు బెదరవలసిన పనేమున్నది? ‘పెన్సిలుతో’ అనడానికి మనం మాట చివర ‘తో’ చేర్చినట్లే, వారు ‘కరందాష్’ చివర మార్చి ‘కరందషోమ్’ అంటారు. ‘ఇల్లు చూస్తున్నాను’ అంటాం, ‘వైద్యుణ్ణి చూస్తున్నాను’ అంటాం. వారూ ‘వీఝు దోమ్’ అని ఇంటిని మార్పు లేకుండా ఉంచి, ‘వీఝు వ్రచా’ అని ప్రాణమున్న వైద్యుడికి ప్రత్యయం తగిలిస్తారు. విభక్తులున్నవిగనుకనే రెండు భాషలలోనూ మాటలను ముందు వెనుకలు చేసినా కర్త, కర్మలు తారుమారు కావు. నువ్వు, మీరు అన్న భేదమూ వారికున్నది, ‘తి’, ‘వి’. నేటి వాడుక ఇంగ్లీషుకు అది లేదు.

రష్యన్, ఇంగ్లీషు ఒకే భాషాకుటుంబానివి, తెలుగు ద్రావిడం కదా అని కొందరంటారు. నిజమే. కాని కుటుంబం పుట్టుక సంగతి చెబుతుంది. నేర్చేవాడికి కావలసింది నేటి వాక్యం నడక. అన్నీ కలుస్తాయని నేననను. వారి మూడు లింగాలు మన మహదమహత్తుల వంటివి కావు. పని సాగడానికొక క్రియ, ముగియడానికొక క్రియ వాడే వారి పద్ధతికి మన ‘వ్రాస్తూ ఉన్నాను’, ‘వ్రాసేశాను’ కొంత దారి చూపుతాయేగాని పూర్తిగా సరితూగవు. కాని అక్కడ ఇంగ్లీషు మాత్రం చేసే సాయమెంత?

తెలుగుకు ఆ శక్తి లేదనేవారు గతం చూడాలి. ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో ఉండి రష్యన్ రచనలను తెలుగు చేశారు. 1991లో సోవియట్ యూనియన్ అంతరించేలోగా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన పల్లెల దాకా వచ్చాయి. రష్యన్ నవలను మోయగలిగిన భాష రష్యన్ వాక్యాన్ని బోధించలేదా? విభక్తులతో ఆరంభించి, మన పిల్లవాడి నోటిమాటనే ఉదాహరణగా తీసుకొనే చిన్న వాచకం కావాలి. విశ్వవిద్యాలయాలలోని రష్యన్ అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు. ఆ పని మాని, ఇంగ్లీషు రాని పిల్లవాడికి భాషాజ్ఞానమే లేదని తీర్పు చెప్పడం అన్యాయం.