కొండ ఎక్కే కుటుంబానికి ఎవరి నడక ప్రమాణం?

వ్యాయామం వేరు, చంక్రమణం వేరు. శరీరానికి ఆయాసం కలిగించే పని వ్యాయామం. దేహాన్ని అంతగా బాధించని నడక చంక్రమణం. సుశ్రుతాచార్యులు చికిత్సా స్థానంలో ఈ రెండింటినీ విడివిడిగా వర్ణించారు. ఆయువు, బలం, మేధ, జఠరాగ్ని వృద్ధి పొందడం, ఇంద్రియాలు మేల్కొనడం చంక్రమణానికి ఫలాలని చెప్పారు. సెలవు రోజున పిల్లాపాపలతో కొండ మీది సరస్సు చూడబోయే గృహస్థులు ఈ భేదాన్ని మరచిపోతున్నారని నా అభిప్రాయం. కుటుంబ విహారం చంక్రమణంగా సాగాలి. దానిని పందెంగా మారిస్తే ఫలం పోయి రోగం మిగులుతుంది.

ఉత్తరాఖండంలో ఊఖీమఠం సమీపాన దేవరియా తాల్ అనే సరస్సు ఉంది. ఎత్తు సుమారు 2,400 మీటర్లు. సారీ గ్రామం నుండి మూడు కిలోమీటర్లకు మించని కాలిబాట. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన చౌఖంబా శిఖరాల నీడ ఆ నీటిలో కనిపిస్తుంది. కేదారం నుండి బదరికి చోప్తా మీదుగా వెళ్లే యాత్రికులకు ఇది దారికి దగ్గర. గత శరదృతువులో మేము మూడు తరాల వాళ్లం కలిసి ఆ బాటన నడిచాము. దారిలో తెలుగు మాట వినిపించి తలెత్తి చూస్తే, ఒక యువకుడు యాభై అడుగుల ముందు నిలబడి "త్వరగా రా అమ్మా, ఎండ పడితే ఫోటోలు రావు" అని తొందరపెడుతున్నాడు. ఆ తల్లి నోటితో శ్వాస తీస్తూ, బదులు పలకలేక చేయి ఊపింది.

వాగ్భటాచార్యులు అష్టాంగ హృదయంలో బలవంతులు సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ అర్ధశక్తితోనే వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని నియమించారు. బాలురకు, వృద్ధులకు, అజీర్ణం గలవారికి వ్యాయామాన్ని నిషేధించారు. నోటితో శ్వాస ఆడటం, నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టడం అర్ధశక్తి ముగిసినదనడానికి గుర్తులు. ఆ తల్లికి ఆ హద్దు ఎప్పుడో దాటింది.

ఈ నిషేధాన్ని చూపి నాయనమ్మను బసలో వదిలిపెట్టి వెళ్లేవారున్నారు. అదీ తగదు. నిషేధం వ్యాయామానికే గాని చంక్రమణానికి కాదు. గుండెజబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు గలవారు ముందుగా తమ వైద్యుని అడగాలి, వాడే మందులు మానరాదు. తక్కినవారి విషయంలో నా మాట ఇది: అందరికంటే మెల్లగా నడిచేవారిని అందరికంటే ముందు నడిపించండి. వారి నడకే ఇంటిల్లిపాదికీ ప్రమాణం. నడుస్తూ ఒక పూర్తి వాక్యం పలకలేకపోతే నిలబడాలి. యువకులకు విసుగంటారా? నీళ్లూ, దుప్పట్లూ, ఫలహారాల సంచులూ వారి భుజాన వేయండి. వారి అర్ధశక్తి అందులో సార్థకమవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, ఎవరూ పైకి చెప్పనిది, మరొకటి ఉంది. చరక సంహిత పదమూడు వేగాలను ఆపరాదంటుంది. మూత్రం, దప్పిక, శ్రమవల్ల కలిగే శ్వాస అందులో చేరినవే. మన స్త్రీలు దారిలో మరుగు దొరకదని తెల్లవారినప్పటి నుండి నీళ్లే ముట్టరు. అటు దప్పికను, ఇటు మూత్రాన్ని అణచుకుంటారు. మందలిస్తారని ఆయాసాన్ని సైతం బిగబట్టేవారున్నారు. చలిలో దప్పిక తెలియదు గాని శరీరానికి నీటి అవసరం తగ్గదు. తలనొప్పి, మూత్రంలో మంట ఇంటికి వచ్చాక బయటపడతాయి. మా కోడలు ఒక పాత చీరను సంచిలో వేసుకుని వచ్చింది. ఇద్దరు పట్టుకుంటే అదే తెర. ఆ చీర ఉన్నందువల్ల మా ఇంటి ఆడవారు దారి పొడవునా నిస్సంకోచంగా నీళ్లు తాగారు. ఈ ఏర్పాటు చేయడం మగవారి బాధ్యత కూడానని నొక్కి చెబుతున్నాను.

ఆ సరస్సే యక్షప్రశ్నల సరస్సని స్థానికుల నమ్మకం. దాహంతో వచ్చిన నలుగురు తమ్ములు హెచ్చరిక వినక నీరు తాగి పడిపోయారు, ఆగి విన్న ధర్మరాజు వారిని బ్రతికించుకున్నాడు గదా! ఎంత తేటగా కనిపించినా పశువులు తిరిగే చోటి నీటిని కాచకుండా తాగరాదు. కాచిన నీటిని ఫ్లాస్కులో తీసుకువెళ్లి గుక్కగుక్కగా తాగండి. వేరుశనగ ఉండలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు దారికి చాలు. కడుపు నిండా పూరీలు తిని కొండ ఎక్కరాదు. మలుపుల దారిలో వాంతి వచ్చేవారు చిన్న శొంఠి ముక్క బుగ్గన ఉంచుకోవచ్చు.

వర్షర్తువులో ఈ ప్రయాణాలు వద్దు. 2013 జూన్‌లో కేదారానికి ఎగువనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి ఎంతటి ప్రళయం తెచ్చిందో మరువరాదు. సాధారణంగా 2,500 మీటర్లకు పైన ఎత్తువల్ల తలనొప్పి, వికారం కలగవచ్చు. దేవరియా తాల్ ఆ హద్దుకు కొద్ది దిగువనే ఉంది. ఛాతీలో నొప్పి లేక బరువు, కూర్చున్నా తగ్గని ఆయాసం, తూలుడు, మాట తడబాటు కనిపిస్తే కషాయాలతో కాలక్షేపం చేయక, వారిని నడిపించక, వెంటనే కిందికి దింపి ఆసుపత్రికి చేర్చాలి.

సగం దారిలోనే వెనుదిరగవలసి వస్తే చిన్నతనంగా భావించకండి. నడిచినంత మేరా చంక్రమణ ఫలం దక్కినట్లే. బసకు చేరాక గోరువెచ్చని నువ్వులనూనె పిక్కలకు, పాదాలకు మర్దించి, వేడినీటి స్నానం చేసి, పలుచని వేడి జావ తాగి పెందలాడే నిద్రపోండి. ఆ నూనె ముందుగా నాయనమ్మ కాళ్లకు మనుమల చేత రాయించండి.