పదం జాతి వేరు, పదం పని వేరు
ఉప్పాడ, కొత్తపల్లి మండల ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు విన్నపం

ఇంగ్లీషు వ్యాకరణంలో బడిపిల్లలు మొదట నేర్చేది భాషాభాగాల పాఠం. పేరును తెలిపేది నౌన్, పనిని తెలిపేది వెర్బ్, గుణాన్ని తెలిపేది అడ్జెక్టివ్ అని కంఠస్థం చేయించి, ఆ పైన విడివిడి పదాలను ఇచ్చి ఏది ఏ భాగమో రాయమనే పద్ధతి తరాలుగా సాగుతోంది. ఈ పద్ధతి మారాలన్నదే ఈ కరపత్రం కోరిక. రూపాన్ని బట్టి పదానికి ఏర్పడే జాతి ఒకటి, వాక్యంలో ఆ పదం చేసే పని మరొకటి. ఈ రెండింటినీ ఆరో తరగతి నుంచే వేరుచేసి, తెలుగు వ్యాకరణం ఆసరాతో బోధించాలి.

పాత నిర్వచనాలు ఎక్కడ తప్పుతాయో ఉప్పాడ పిల్లలకు బాగా తెలిసిన మాటతోనే చూడవచ్చు. ‘ద ఫిష్ ఈజ్ ఫ్రెష్’ అన్నప్పుడు ‘ఫిష్’ నౌన్, అది వాక్యానికి సబ్జెక్టు. ‘దే ఫిష్ ఎట్ నైట్’ అన్నప్పుడు అవే అక్షరాలు వెర్బ్ అవుతాయి, ఎందుకంటే అక్కడ ‘ఫిష్డ్’ అని భూతకాల రూపం వస్తుంది, ‘హీ’ చేరితే ‘ఫిషెస్’ అవుతుంది. ‘ఫిష్ మార్కెట్’ దగ్గరకు వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. అక్కడ ‘ఫిష్’ మార్కెట్టును విశేషించి చెబుతోంది కనుక అది అడ్జెక్టివ్ అని చాలామంది రాస్తారు, చాలామంది ఉపాధ్యాయులు దానికి మార్కు కూడా వేస్తారు. నిజానికి అది నౌనే. చేస్తున్నది మాత్రం విశేషణం పని. ‘సిల్క్ శారీ’ కూడా అంతే. ‘ఓల్డ్ శారీ’లోని ‘ఓల్డ్’ను ‘వెరీ ఓల్డ్’ అనవచ్చు, ‘ఓల్డర్’ అనవచ్చు. ‘వెరీ సిల్క్ శారీ’ అని గానీ, ‘సిల్కర్’ అని గానీ ఎవరూ అనరు. రెండు పదాలూ చీరను విశేషించే పనే చేస్తున్నా, రూపపరీక్షలో ‘ఓల్డ్’ ఒక జాతికి, ‘సిల్క్’ మరో జాతికి చెందుతాయి. జాతి, పని అనే రెండు ప్రశ్నలను కలిపి ఒకే ప్రశ్నగా అడిగినంత కాలం ఈ తేడా పిల్లలకు అందదు, ఎన్ని అభ్యాసాలు చేయించినా వారి జవాబు ఊహగానే మిగులుతుంది.

ఈ భేదం తెలుగు పిల్లలకు కొత్తది కాదు. ‘వల చినిగింది’, ‘వల వేశారు’ అనే రెండు వాక్యాల్లోనూ ‘వల’ రూపం ఒకటే. మొదటిదానిలో అది కర్త, రెండోదానిలో కర్మ. ద్వితీయా విభక్తి ప్రత్యయం లేకపోయినా అది కర్మేనని మత్స్యకారుల ఇంటి పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రాణంలేని వస్తువులను తెలిపే పదాలకు ద్వితీయ బదులు ప్రథమ రావచ్చునని పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో, కారక పరిచ్ఛేదంలో సూత్రీకరించింది సరిగ్గా ఇలాంటి ప్రయోగాన్నే. విభక్తి అనేది పదం తాల్చే రూపం, కారకం అనేది క్రియతో ఆ పదానికి ఉన్న సంబంధం. ఈ రెండింటినీ పాణిని నాటి నుంచి భారతీయ వ్యాకర్తలు విడివిడిగానే చూశారు. పేరు, పని అనే నిర్వచనాలు చాలవనడానికి ‘వేట’ అనే మాట చాలు. సముద్రం మీద వేట ఎంత కష్టమైన పనో ఈ తీరంలో అందరికీ తెలుసు, అయినా ఆ మాట క్రియ కాదు, నామవాచకం. వేటకు, వేటలో, వేటను అని విభక్తులు చేరడమే దానికి రుజువు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే ‘వేట నిషేధం’లో అదే నామవాచకం విశేషణం పని చేస్తుంది, ‘ఫిషింగ్ బ్యాన్’లోని ‘ఫిషింగ్’ లాగానే.

భాషాభాగాలు ఎనిమిదేనన్న లెక్క ఇంగ్లీషు నుంచి పుట్టింది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన డయొనీషియస్ థ్రాక్స్ పేరు మీద నిలిచిన గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది భాగాలున్నాయి, వాటిలో అడ్జెక్టివ్ ప్రత్యేకంగా లేనే లేదు. ఆర్టికల్ లేని లాటిన్‌కు ఆ చట్రాన్ని బిగించినప్పుడు ఖాళీ అయిన చోట ఇంటర్జెక్షన్‌ను చేర్చి ఎనిమిది లెక్కను నిలబెట్టారు. 1795లో లిండ్లీ మరే తన ఇంగ్లీషు వ్యాకరణంలో తొమ్మిది భాగాలు చెప్పాడు. మన ప్రాచీన గ్రంథమైన యాస్కుడి నిరుక్తంలో పదజాతులు నాలుగే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అయిదు. గ్రీకు, లాటిన్ పదాల చివర ఉండే ప్రత్యయమే చాలావరకు వాటి పనిని కూడా చెప్పేది కనుక ఆ భాషల్లో రూపాన్నీ పనినీ కలిపి చెప్పినా పెద్ద నష్టం జరగలేదు. ప్రత్యయాలు చాలామటుకు రాలిపోయి, పదాల వరుస మీద నిలిచిన ఇంగ్లీషుకు అదే చట్రం అతకదు. టెలిఫోనులో జనం మాట్లాడుకున్న మాటల రికార్డుల ఆధారంగా చార్లెస్ ఫ్రైస్ అనే అమెరికన్ పండితుడు 1952లో ఇంగ్లీషు పదాలను నాలుగు రూపవర్గాలుగా, పదిహేను సహాయకపద సమూహాలుగా విభజించి చూపాడు. అంతకు ముందే, 1931లో, గిడుగు వెంకట రామమూర్తి సవర భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వెలువరించారు. సవరల నోట విన్న భాషే దానికి ఆధారం. ఏ భాష వ్యాకరణాన్నైనా ఆ భాష ప్రయోగం నుంచే తీయాలన్న మార్గం తెలుగువారికి ఇంతకన్నా దగ్గరగా మరెక్కడా దొరకదు.

పారిభాషిక పదాల విషయంలో జాగ్రత్త అవసరం. అడ్జెక్టివ్‌ను ‘విశేషణం’ అని అనువదించడంతోనే సగం గందరగోళం పుడుతోంది, ఎందుకంటే విశేషణం, విశేష్యం అనేవి పనిని బట్టి వచ్చిన పేర్లు. ‘ఓల్డ్’ వంటి పదాల జాతికి గుణవాచకమనీ, విశేషించే పనికి విశేషణమనీ రెండు పేర్లు వాడితే ‘సిల్క్’ నామవాచకం, దాని పని విశేషణం అని తడబాటు లేకుండా చెప్పవచ్చు. సబ్జెక్టును కర్త అని అన్నిచోట్లా అనువదించడమూ తగదు. ‘ద శారీ వాజ్ వోవెన్ బై ద వీవర్’లో సబ్జెక్టు చీర, నేసిన కర్త నేతకారుడు.

ఇది పిల్లలకు అదనపు భారమనీ, పరీక్షల్లో ఈ తేడా అడగరనీ కొందరు అనవచ్చు. ఎనిమిది పేర్లను తీసేయమని ఎవరూ కోరడం లేదు. ఆ పేర్లు జాతికి మాత్రమే చెల్లుతాయని చెప్పమనే కోరిక. వాక్యాలను కలపడం, కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చడం వంటి అభ్యాసాలన్నీ పదం చేసే పని తెలిస్తేనే సాధ్యం. ఆ పని తెలియని పిల్లలు సూత్రాన్ని బట్టీపట్టి, వాక్యం కొంచెం మారగానే చతికిలబడుతున్నారు. ట్యూషన్‌కు డబ్బు పెట్టలేని నేతకార, మత్స్యకార కుటుంబాల పిల్లలకు బడిలో చెప్పిందే ఆధారం కనుక ఈ నష్టం వారికే ఎక్కువ.

చేయవలసినది ఖర్చుతో కూడినది కాదు. విడి పదం ఇచ్చి భాషాభాగం రాయమనే ప్రశ్నను మండలంలోని బడులు తమ యూనిట్ పరీక్షల నుంచి తొలగించాలి. పదాన్ని వాక్యంలో ఇచ్చి, దాని జాతి ఏది, ఇక్కడ దాని పని ఏది అని రెండు ప్రశ్నలు అడిగి, రెంటికీ వేర్వేరుగా మార్కులు ఇవ్వాలి. జాతి చెప్పినప్పుడు కారణం కూడా చెప్పించాలి: ఏ ప్రత్యయం చేరుతుంది, ముందు ‘ద’ వస్తుందా, ‘వెరీ’ వస్తుందా అని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉన్నాయి కనుక, ఒకే వాక్యం రెండు భాషల్లో ఎలా నడిచిందో చూపడానికి వేరే పుస్తకం కొననక్కరలేదు. తల్లిదండ్రుల కమిటీ సమావేశాల్లో ఈ మార్పును అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. జూన్‌లో బడులు తెరిచాక జరిగే తొలి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలోనే దీన్ని చర్చకు పెట్టాలి. తెలుగు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు కలిసి కూర్చుని కారకాల పాఠాన్నీ భాషాభాగాల పాఠాన్నీ ఒకే వారంలో, తెలుగు ముందు, ఇంగ్లీషు వెనుక, చెప్పేలా ప్రణాళిక వేసుకోవాలి.