పాలును, పాలవంటి పానీయములును

గచ్చిబౌలి అంగళ్లలో నేడు పాల ప్రక్కనే సోయా, బాదము పానీయములు అమ్ముడగుచున్నవి. కర్షక సోదరులు వీనిని నిందింపక, గుణమెరుగుట మేలు. 100 గ్రాముల ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు, క్రొవ్వు 4. గేదెపాలలో క్రొవ్వు 6 మొదలు 7. సోయాపానీయము మాంసకృత్తులలో ఆవుపాలకు ఇంచుమించు సాటి. బాదము పానీయమున అధికభాగము నీరే. పాలు గిట్టనివారికి సోయా తగును. వారిలో పలువురకు మజ్జిగయు ఇముడును. బి12 విటమిను మాత్రము ఈ పానీయములకు వేరుగ కలుపవలసినదే. ఏడాది నిండని శిశువునకు తల్లిపాలతో వీనిలో నేదియు సాటిరాదు.

వెన్నను బట్టి వెల వచ్చునని పాలన్నియు సంఘమునకు పోసి, ఇంటిబిడ్డకు నీళ్లటీ మిగుల్చుట మన కసలు నష్టము. బిడ్డ గ్లాసు నిండిన పిమ్మటనే పాలక్యాను గడప దాటవలయును.