మూషికానికి వేరే సారథి ఎందుకు?

డ్రైవర్ అనే ఆంగ్లపదానికి కొందరు "చోదకం" అన్నారు. నాకు "సారథి" అన్న మాటే నచ్చుతుంది. రథికుని ఇచ్ఛను గుర్రాలకు తెలియజేసేవాడు సారథి. మౌసుకూ కంప్యూటరుకూ నడుమ డ్రైవర్ చేసే పని కూడా ఇంచుమించు అదే. అయితే మూషికవాహనునికి వేరే సారథి ఉన్నట్లు నేనెక్కడా చదవలేదు. మన బల్లమీది మూషికానికీ అక్కరలేదన్నదే ఈ టపాలో నా వాదన.

ఒకప్పుడు అక్కర ఉండిన మాట నిజమే. డాస్ కాలంలో మౌసుతోపాటు ఒక ఫ్లాపీ ఇచ్చేవారు. అందులోని డ్రైవర్‌ను ఎక్కిస్తే తప్ప కంప్యూటరు ఆ మౌసును గుర్తించేది కాదు. యూఎస్‌బీ వచ్చిన తరువాత మౌసులకు, కీబోర్డులకు హెచ్.ఐ.డి. అనే ఉమ్మడి భాష ఒకటి ఏర్పడింది. ఆలోచించండి, మౌస్ చెప్పవలసినది ఎంత? ఏ మీట నొక్కారు, అడ్డంగా ఎంత జరిగింది, నిలువుగా ఎంత జరిగింది, చక్రం ఎంత తిరిగింది. సాధారణమైన మౌస్ సెకనుకు 125 సార్లు చెప్పేది ఈ నాలుగు ముక్కలే. విండోస్ 98 నాటినుండి విండోసుకు ఈ భాష వచ్చు. నేటి లినక్సుకూ, మాకింటోషుకూ వచ్చు. అందరికీ ఒకే వర్ణమాల ఉండగా పుస్తకానికొక అక్షరాభ్యాసం దేనికి?

ఈ సంగతి తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. మా వీధిలో ఉండే ఒక విశ్రాంత లెక్కల మాస్టారికి బాణం గుర్తు తెరమీద గెంతుతూ కనిపించింది. ఆయన అంతర్జాలంలో "మౌస్ డ్రైవర్" అని వెదికి, మొదట కనబడిన చోటినుండి ఏదో దింపుకొన్నారు. అది ఆయన యంత్రంలో పదుల కొద్దీ దోషాలున్నాయని ఎర్రటి అక్షరాలతో బెదిరించి, బాగుచేయడానికి కార్డు నంబరు అడిగింది. ఆ కార్డు ఆయన పింఛను జమయ్యే ఖాతాది! నంబరు కొట్టబోయే ముందు నాకు ఫోను చేశారు కనుక సరిపోయింది. వెళ్ళి చూస్తే బల్లమీద గాజుపలక. చాలా మౌసుల కంటికి నున్నటి గాజు ఆనదు. పాత క్యాలెండరు కాగితం ఒకటి కింద పరచగానే గెంతులు ఆగిపోయాయి. దింపుకొన్నదానిని తీసివేయడానికి మాత్రం ఒక పూట పట్టింది.

కనుక డ్రైవర్ మీద అనుమానపడే ముందు బ్యాటరీ మార్చండి, అడుగున ఉన్న కన్ను తుడవండి, వేరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లవుతున్నదా? ఎక్కువగా అది లోపలి మీట అరిగిన లక్షణం. అరిగిన మీటను ఏ డ్రైవరూ బాగుచేయలేదు.

అయిదారు మీటలుండి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని అప్పగించదలచినవారి సంగతి వేరు. లాజిటెక్ వారి ఆప్షన్స్ ప్లస్, రేజర్ వారి సినాప్స్ వంటివి అందుకే ఉన్నాయి. లినక్సు వాడేవారికి పైపర్ ఉంది. తయారీదారుల సాఫ్ట్‌వేర్‌ను వారి సొంత స్థలం నుండే తెచ్చుకోవాలి. ఆపైన కూడా కన్నువేసి ఉంచాలి. రేజర్ మౌసును తగిలించగానే దానంతటదే దిగివచ్చే కార్యక్రమాన్ని ఆసరా చేసుకొని, ఎదుట కూర్చున్న ఎవరైనా ఆ విండోస్ యంత్రంపై సర్వాధికారాలు పొందవచ్చునని 2021 ఆగస్టులో ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. కొన్ని మౌసులు తమలోనే అమరికలను దాచుకోగలవు. అటువంటిదైతే ఒకసారి అమర్చుకొని ఆ సాఫ్ట్‌వేర్‌ను తొలగించడమే నా పద్ధతి. మౌస్ కదపడానికి ఖాతా తెరిచి సంతకం పెట్టమనడం నాకు సుతరామూ గిట్టదు.

నా యీడువారికి కావలసినవన్నీ విండోస్ కంట్రోల్ పానెల్‌లోని మౌస్ అరలోనే ఉన్నాయి. రెండు నొక్కుల మధ్య ఎడం మామూలుగా అర సెకను మించరాదు. వేళ్ళు బిగుసుకుపోయినవారు దానిని 0.9 సెకను వరకు పెంచుకోవచ్చు. "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనేది పేరుకే కచ్చితత్వం. చేతి వేగాన్ని బట్టి బాణం దూకే దూరాన్ని మార్చడం దాని పని. చేయి వణికేవారు దానిని తీసి కొన్నాళ్ళు, ఉంచి కొన్నాళ్ళు వాడి చూసి తమకు అనువైనది ఎంచుకోవాలి. బాణాన్ని పెద్దది చేసుకోవడానికి మొహమాటం అక్కరలేదు.

మా ఇంటావిడది ఎడమచేతి వాటం. బడిలో పలక పట్టిన నాటినుండి కుడిచేతికి అలవాటు చేసుకోమన్నవారే గాని, ఆవిడ చేతికి తగినట్లు వస్తువును మార్చినవారు లేరు. మౌస్ విషయంలో ఆ పని ఒక్క గడిలో టిక్కు పెట్టినంతలో అయిపోయింది. ఏదీ దింపుకోలేదు, ఎవరికీ డబ్బు కట్టలేదు. అయితే టిక్కు పెట్టిన మరుక్షణమే కుడిమీట ప్రధానమీట అయిపోతుంది. ఆ కిటికీలోని "ఓకే"ను నొక్కవలసింది కూడా ఆ కుడిమీటతోనే.