డెబ్భై రెండో వంతు విమానం

"ముందు ఆ ఫ్యాన్ కట్టెయ్. స్టీరింగ్ ఎగిరిపోద్ది."

నడివేసవిలో ఒక ఆదివారం మెట్టుగూడలోని పెదనాన్న వాళ్లింటికి వెళితే గుమ్మంలోనే జరిగిన మర్యాద ఇది. ఆయన డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి, కళ్లజోడుకి పైన ఇంకో భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో దేన్నో పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ దేన్నో చూద్దామంటే బియ్యపుగింజలో సగం ఉంది. అదే స్టీరింగట. విమానానిది.

మా పెదనాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక కొన్నాళ్లు ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగించాడు. మిక్సీ విప్పాడు, బిగించాడు. పక్కింటి వాళ్ల గేటు కిర్రుమంటే పిలవకుండానే వెళ్లి నూనె వేసొచ్చాడు. పెద్దమ్మ పడలేక లండన్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసి "మీ నాన్నకేదైనా పని చూడవే" అని మొరపెట్టుకుంది. అక్క సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. లోపల ప్లాస్టిక్ విమానం ముక్కలు. బ్రిస్టల్ బ్లెన్‌హైమ్ అనే రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబర్.

పెట్టె తెరిస్తే విమానం ఉండదు. బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములుంటాయి. పందిరికి చిక్కుడుకాయల్లా వాటికి రెక్కలు, చక్రాలు, ఇంజన్లు, కుర్చీలు వేలాడుతుంటాయి. అన్నీ అసలు విమానంలో డెబ్భై రెండో వంతు. ఈ లెక్క ఎక్కడిదంటే, ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళానికి కుదిస్తే వచ్చేది 72. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 17 మీటర్లున్న బ్లెన్‌హైమ్, పెదనాన్న టేబుల్ మీద 24 సెంటీమీటర్లకి దిగింది. అంటే అన్నం పళ్లెమంత.

"అతికించడమేగా, పిల్లలాట" అన్నాను. అనకుండా ఉండాల్సింది. గంటసేపు క్లాసు పీకాడు.

ముక్కని ఫ్రేములోంచి విరిచెయ్యకూడదు, కత్తిరించాలి. ఆయన నెయిల్ కటర్ వాడుతున్నాడు. కత్తిరించిన చోట మిగిలిన బొడిపెని సన్నటి ఆకురాయితో అరగదీయాలి. జిగురు పెట్టకముందే ఒకసారి ఉత్తినే అమర్చి చూసుకోవాలి. ఈ జిగురు మామూలుది కాదు, రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది. "ఇది అంటించడం కాదు, వెల్డింగ్" అన్నాడు గర్వంగా. విమానం ఒళ్లు కుడి ఎడమ రెండు డిప్పలుగా వస్తుంది. వాటిని కలిపి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేస్తాడు. తెల్లారి అతుకు దగ్గర లప్పం పెట్టి, రాణిగంజ్ నుంచి తెచ్చిన వాటర్ పేపరుతో తడుపుతూ రుద్దుతాడు. కళ్లు మూసుకుని వేలితో తడిమితే అతుకు తెలియకూడదు. అదీ పరీక్ష.

అన్నిటికన్నా కష్టం అద్దాలు. ఈ విమానం ముక్కంతా అద్దాల గదే. పైగా అది రెండువైపులా ఒకేలా ఉండదు. పైలట్‌కి కిందకి కనబడాలని ఎడమ పక్కన కాస్త లోతుగా చెక్కినట్టు దింపేశారు. అక్కడ ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి అద్దం మసకబారిపోతుంది. అందుకని ఫెవికాల్. ఆరితే కనబడదు. తేడా వస్తే నీళ్లతో తడిపి మళ్లీ ఊడదీసుకోవచ్చు. ఈ ఆఖరి ముక్క గుర్తుంచుకోండి, పనుంది.

ఇన్ని విమానాలుండగా ఇదే ఎందుకు? అక్క ఊరికే తేలేదు. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110 నంబరు స్క్వాడ్రన్ ఉండేది. దాని పేరులోనే బ్రాకెట్లో 'హైదరాబాద్' అని ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, ఆ స్క్వాడ్రన్‌కి కావలసిన డీహెచ్ 9ఏ బాంబర్లని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా ఇచ్చారు. వాటి ఒంటి మీద ఆ సంగతి రాసి మరీ ఎగరేశారు. అందులో ఒకటి ఆ ఏడాది అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకెక్కి, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ విమానం మారకం ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో పెట్టారు. మా అక్క చూసింది దాన్నే. పరాయి దేశంలో ఓ పాత విమానం మీద మన ఊరి పేరు చూసి అక్కడే కాసేపు నిలబడిపోయిందట.

పేరు ఆ ఒక్క స్క్వాడ్రన్‌తో ఆగలేదు. స్పిట్‌ఫైర్లు నడిపిన 152 నంబరు స్క్వాడ్రన్‌కి కూడా హైదరాబాద్ పేరే. దాని చిహ్నం నిజాంగారి తలపాగా.

రెండో యుద్ధం వచ్చేసరికి 110 చేతిలో బ్లెన్‌హైమ్‌లున్నాయి. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద రాయల్ ఎయిర్ ఫోర్స్ తొలి బాంబు దాడి చేసింది. ముందు వెళ్లింది మన పేరున్న స్క్వాడ్రనే. వాటిషామ్ స్థావరం నుంచి 110వి ఐదు, 107వి ఐదు బయల్దేరాయి. పదింట్లో తిరిగొచ్చినవి ఐదే. నౌకకి తగిలిన బాంబుల్లో కొన్ని పేలనే లేదు. 

నిజాం ఖజానా అంటే ఏమిటి? ఏ పాలమూరులోనో, ఓరుగల్లులోనో రైతు కట్టిన శిస్తు. ఆ రైతు తన జన్మలో విమానం చూసి ఉండడు. "మన డబ్బు పెట్టి కొన్న పేరు కదా, మన ఇంట్లోనూ ఒకటుండాలి" అన్నాడు పెదనాన్న. 

ఉండనిస్తే కదా!

లోపలి గదిలోంచి నానమ్మ గొంతు వినబడింది. "ఒరే, ఇంకా తియ్యలేదేటిరా ఆ దిక్కుమాలింది?"

నానమ్మకి తొంభై దాటాయి. పుట్టింది విశాఖపట్నంలో. తాతయ్య రైల్వే ఉద్యోగంతో సికింద్రాబాద్ వచ్చి అరవై ఏళ్లు దాటినా ఆవిడ మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. కొడుకు కడుతున్నది బాంబులేసే విమానమని తెలిసిన రోజు నుంచి ఆవిడ ఆ గది గడప దాటడం లేదట. పదిరోజులుగా భోజనం కూడా మంచం దగ్గరికే. పెదనాన్న రెండుసార్లు పెట్టె సర్దేసి అటకెక్కించాడు. రెండుసార్లూ తనే దింపుకున్నాడు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అడగకుండానే మొదలెట్టింది.

"నాకప్పుడు ఎనిమిదేళ్లు. సైరను కూసింది. మా అమ్మ నన్ను మంచం కిందకి తోసేసింది. పోర్టు కాడ ఒకటే పొగ. మా నాన్న ఆ రాత్రే బండి కట్టించేడు. ఊరు ఊరంతా రోడ్డు మీదే. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసేం."

1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకి మించి ఉండదు. నానమ్మకి మాత్రం ఆ రోజు పొయ్యి మీద వదిలేసిన అన్నం ఇంకా మాడుతూనే ఉంది. అదే ఏడాది 110 స్క్వాడ్రన్ కూడా మన దేశానికొచ్చింది, బర్మా వైపు జపాన్ వాళ్లతో పోరాడటానికి. ఇదంతా పెదనాన్న గుమ్మంలో నిలబడి చెప్పాడు. "ఇది మనమీద వేసింది కాదమ్మా" అన్నాడు.

"ఎవులి మీదేస్తే ఏటిరా? కింద ఎవులో ఒకలుంటారు కదా" అంది.

ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

కాసేపాగి ఆవిడే అడిగింది. "అందులో ఎంతమంది కూకుంటారు?"

"ముగ్గురు."

"ఎంతేసుంటాయి వయసు?"

"ఇరవై, ఇరవై రెండు."

"మా మీదికొచ్చినోళ్లకీ అంతే ఉండుంటాది. ఆళ్లకీ అమ్మలుంటారు. మరి ఆ ముగ్గుర్నీ కూకోబెట్టేవా?"

పెదనాన్న తల దించుకున్నాడు. పెట్టెలో అంగుళమంత మనుషులు ముగ్గురు వచ్చారు. కానీ అద్దాలు మూసేశాక ఎలాగూ కనబడరని వాళ్లని అగ్గిపెట్టెలో వేసి పక్కన పడేశాడు. అద్దాలు బిగించేసి అప్పటికి రెండు రోజులైంది.

ఆ సాయంత్రం ఆయన చేసిన పని నేను పక్కనే ఉండి చూశాను. దూదిని నీళ్లలో ముంచి అద్దాల అంచు చుట్టూ పెట్టాడు. అరగంట ఆగాడు. ఫెవికాల్ మెత్తబడ్డాక బ్లేడు మొనతో మెల్లగా అద్దం లేపాడు. ఈమధ్య ఆయన కుడిచెయ్యి కాస్త వణుకుతోంది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని ముగ్గురికీ రంగు వేశాడు. పైలట్‌ని, బాంబులు చూసే మనిషిని ముందు గదిలో, గన్నర్‌ని వీపు మీది గాజుబుడ్డిలో కూర్చోబెట్టాడు. బాంబులుండే అర తలుపులు మాత్రం మూసేసి అతికించేశాడు. తెరిచి చూపించేలా కూడా కట్టొచ్చట. వద్దన్నాడు.

ఇప్పుడా విమానం హాల్లో షోకేసులో ఉంది, వెంకన్న ఫొటోకీ రైల్వే వాళ్లిచ్చిన షీల్డుకీ మధ్య. నానమ్మ మళ్లీ హాల్లోకొచ్చి టీవీ చూస్తోంది. ఆవిడ కళ్లకి విమానమే సరిగ్గా ఆనదు, ఇక మనుషులేం కనబడతారు? అందుకే ఇంటికొచ్చిన వాళ్లందర్నీ అడుగుతుంది.

మొన్న నన్నూ అడిగింది. "ముగ్గురూ ఉన్నారేటే?"

"ఉన్నారు నానమ్మా" అన్నాను. టార్చి వేస్తే తప్ప కనబడరు. వేసే చూశాను.